వెండి రాజుకి వంగి దణ్ణం

ఏరా, రెండు కొరమేనులకే ఇంత ఊరేగింపా? సరే, బాగానే పట్టారు, కాదనను. పెద్దది మూడు కేజీలుంటుంది. అది ఎలాగూ మామ్మ కత్తిపీట కిందకి వెళ్లిపోయింది. చిన్నదాన్ని బకెట్లోనే ఉంచి, పైన పళ్లెం బోర్లించి రాయి పెట్టండి. లేకపోతే తెల్లారేసరికి మళ్లీ కాలవలో ఉంటుంది. పులుసు దిగడానికి గంటన్నర పడుతుంది. ఈలోపు ఆ కొబ్బరి డొక్కలు నాలుగు మంటలో పడెయ్యండి. సంక్రాంతి ఇంకా వారం ఉందనగానే చలి నా మోకాళ్లలో దిగిపోయింది.

ఆగు, పళ్లెం ఒకసారి తియ్యి. చూశారా? పైకొచ్చి ఒక గుటకేసి, తోకాడించి దిగిపోయింది. నీళ్లలో ఉన్న గాలి దానికి చాలదు, పైగాలి తాగాలి. అందుకే ఎండిపోయిన చెరువు బురదలో కూడా ప్రాణం నిలబెట్టుకుంటుంది. సరిగ్గా ఇలాగే గుటకేసే చేపతో నేను గంటా ఇరవై నిమిషాలు పెనుగులాడాను. కాకపోతే అది నాకంటే పొడుగు.

నవ్వకండి. ఒరే చిన్నోడా, దేవుడి గూటి కింద బిస్కెట్ల రేకు డబ్బా ఉంటుంది, పట్రా. మా నాన్న ఉత్తరాల కట్ట కింద దూదిలో చుట్టి ఉంటుంది చూడు. అదే. మంట వెలుగుకి పట్టి చూడండి. ప్లాస్టిక్కు కాదురా, పొలుసు. చేపకి ఇలాంటివి ఒంటినిండా. అరచేతిలో సగం ఆక్రమించింది కదా! కొసన నల్లగా రాసుంది, చదువు. "20-6-1978, 133 పౌన్లు." మీ లెక్కలో 60 కేజీలు. పొలుసు మీద తారీఖూ బరువూ రాసి దాచుకోవడం అక్కడి వాళ్ల ఆచారం. నేను సంతకం మాత్రం తెలుగులో పెట్టుకున్నాను.

ఆ చేప పేరు టార్పన్. వాళ్లు ముద్దుగా సిల్వర్ కింగ్ అంటారు. వెండి రాజన్నమాట.

కెమికల్ ఇంజనీరు చేపల దగ్గరికి ఎలా చేరాడనేగా మీ అనుమానం? ఎరువు చేర్చింది. వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, 1971లో అమెరికా వెళ్లి, ఇంకో డిగ్రీ చేసి, 1974లో ఫ్లోరిడాలో ఒక ఫాస్ఫేట్ కంపెనీలో చేరాను. మేం తవ్వే నేలని బోన్ వ్యాలీ అనేవారు, ఎముకల లోయ. ఒకప్పుడది సముద్రం. తాటిచెట్టుకి రెండింతలుండే డ్రాగ్‌లైన్ యంత్రం మట్టి ఎత్తి పోస్తుంటే అందులోంచి ఎన్నడో చచ్చిన సొరచేపల పళ్లు, సముద్రపు ఆవుల పక్కటెముకలు రాలేవి. నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా అరచేయంత సొరపన్ను పెట్టుకునేవాణ్ణి. మన రైతులు బస్తాలకి బస్తాలు చల్లిన అమెరికా డీఏపీ చాలావరకు ఆ నేలదే. మా నాన్న వరిచేలో చల్లిన దాంట్లో నేను తవ్వించింది కూడా ఎంతో కొంత ఉండే ఉంటుంది.

ఆ ఫాస్ఫేట్ రాయి రైలెక్కి ఒక దీవి కొసకి పోయేది. అక్కడ ఓడలకెత్తేవారు. ఆ రేవు పేరు బోకా గ్రాండే. ఓడకెత్తే ముందు సరుకు నాణ్యం చూసి సంతకం పెట్టడానికి నన్ను పంపేవారు. స్పానిష్‌లో బోకా గ్రాండే అంటే పెద్ద నోరని మా ఫోర్‌మన్ చెప్పాడు. మన గోదారి వాడికి ఇంకో మాట అక్కర్లేదుగా, పెద్ద మొగ! మన వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసినట్టు, అక్కడ పీస్ రివర్ అనే నది ఒక పెద్ద అఖాతంలో కలుస్తుంది. ఆ అఖాతం నీళ్లలో చాలా భాగం రెండు దీవుల మధ్య సందులోంచే సముద్రంలోకి పోవాలి. సందు చిన్నది, లోతు 70 అడుగుల పైమాటే. పాటు తీసేటప్పుడు ఆ నీటి వేగం చూస్తే ఒడ్డున నిలబడ్డవాడికే కళ్లు తిరుగుతాయి.

అక్కడే మొదటిసారి చూశాను. 1975 మే నెల అనుకుంటాను. రేవు గట్టు మీద నిలబడి టీ తాగుతున్నాను. నీళ్లు ఒక్కసారి వెండిపళ్లేలు తిరగేసినట్టు మెరిసాయి. ఒకటి కాదు రెండు కాదు, వందల చేపలు వరసగా వీపులు పైకి తేల్చి, గుటకేసి దొర్లుకుంటూ దిగిపోతున్నాయి. మా ఊరి చెరువులో కొరమేను గుటక ఎన్నిసార్లు చూడలేదు! కానీ మనిషంత చేప అలా గుటకేస్తుంటే అది వేరు. నా చేతిలో టీ చల్లారిపోయింది.

దాని కడుపులో ఉండే గాలితిత్తి ఊపిరితిత్తిలా పనిచేస్తుంది. పిల్ల చేపలు మడ అడవుల్లో, కుళ్లు వాసనొచ్చే మడుగుల్లో పెరుగుతాయి. వేరే చేపలు బతకలేని చోట ఇవి పైగాలి తాగి బతికేస్తాయి. వీటిని తినే పెద్ద చేపలు అక్కడికి రాలేవు. పుట్టుక మాత్రం ఒడ్డుకి చాలా దూరంలో, నడి సముద్రంలో. పుట్టినప్పుడు చేపలానే ఉండదట, అద్దంలాంటి సన్నని రిబ్బను ముక్కలా ఉంటుందట. ఆ రిబ్బను కొట్టుకుంటూ కొట్టుకుంటూ వచ్చి మడచెట్ల వేళ్లలో చేరి అప్పుడు చేపవుతుంది. అన్నట్టు దీని తోబుట్టువు మన సముద్రంలోనూ ఉంది. మన ఏటి మొగల్లో, ఉప్పుకయ్యల్లో వలకి పడుతుంది. అదే కళ్లు, అదే వెండి, అదే పైకెత్తిన కింది దవడ. కానీ మూరెడుంటే గొప్ప. అందుకని మనవాళ్లు దాన్ని రాజని పిలవలేదు, ఎండబెట్టేశారు.

ఏప్రిల్ నుంచి జులై దాకా టార్పన్లు ఆ మొగ దగ్గర గుమిగూడతాయి, గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి పోయే ముందు కడుపునిండా తిని పోవడానికి. అమావాస్యకీ పున్నమికీ సాయంత్రం పూట వచ్చే పెద్ద పాటుని వాళ్లు హిల్ టైడ్ అంటారు. ఆ పాటుకి అఖాతంలో ఉన్న పీతలన్నీ కొట్టుకొచ్చేస్తాయి. గడ్డిపరకలు తేలుతున్నట్టు నీటి మీద పీతలే పీతలు. చేపలకి పెళ్లి విందు. ఆ విందు మధ్యలోకి మనం గాలానికి గుచ్చిన పీతని వదులుతాం. పోటూ పాటూ తిథులతో లెక్కకట్టడం నాకు పుట్టినప్పటినుంచీ వచ్చు. నా లెక్క చూసి మా ఫోర్‌మన్ నోరెళ్లబెట్టాడు. అతగాడు గోడకి వేలాడేసుకున్న పట్టీ చూసి చెప్పేది నేను వేళ్ల మీద చెప్పేశాను. ఆ దెబ్బకి తనే తీసుకెళ్లాడు గాలానికి.

1977 మేలో మొదటిసారి. పడవ నడిపేవాడిని అందరూ కెప్టెన్ అనేవారు, నేనూ అంతే అన్నాను. తాత తరం నుంచీ అదే వృత్తి. మాట తక్కువ. పీత డిప్ప మూల గాలం గుచ్చి పాటులోకి వదిలాడు. పది నిమిషాలు కాలేదు, నా చేతిలో కర్ర ఎవరో ఎద్దుని కట్టినట్టు వంగిపోయింది. ఆ వెంటనే నీళ్లు పగిలి, చేప ఆకాశంలోకి లేచింది. మొప్పలు గలగలా మోగాయి, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు. కెప్టెన్ అరిచాడు, "బో! బో!" అని. వంగమంటున్నాడు. ఎవరికి వంగాలో, ఎందుకు వంగాలో నాకు తెలియదు. మనకి చిన్నప్పటినుంచీ అలవాటేంటి? చేప ఎగిరితే కర్ర పైకి గుంజడం. గుంజాను. టప్పుమంది. దారం తెగిపోయింది. చేప పడిన చోట నీళ్లు సుడి తిరిగాయి, అంతే.

కెప్టెన్ తిట్టలేదు. కొత్త గాలం కట్టుకుంటూ చెప్పాడు. అది నీళ్లలో ఉన్నంతసేపూ దాని బరువు నీళ్లు మోస్తాయి. గాలిలోకి లేచాక ఆ బరువంతా నీ దారమే మొయ్యాలి. పైగా తల విదిలిస్తుంది. దాని నోరు లోపల సిమెంటు గోడ, గాలం గట్టిగా దిగదు. దారం బిగుతుగా ఉంటే తెగుతుంది, లేదా గాలం ఊడుతుంది. కాబట్టి అది ఎగిరిన ప్రతిసారీ నువ్వు నడుం వంచి, కర్ర కొస దానివైపు చాపి, దారం వదులు చెయ్యాలి. "రాజు లేచినప్పుడు వంగాలి కదా" అన్నాడు. నేను అన్నాను, మా దేశంలో ఆ పని మాకు బాగానే వచ్చండీ అని. అతనికి అర్థం కాలేదు. మీ మామ్మకి ఇంటికొచ్చి చెప్తే నవ్వింది.

మళ్లీ ఏడాది దాకా కుదర్లేదు. 1978 జూన్ 20, మంగళవారం. ఇక్కడ ఏరువాక పున్నమి. మా నాన్న ఎడ్ల కొమ్ములకి రంగులేయించి, మెడలో గంటలు కట్టించి, అరక పూజ చేయిస్తూ ఉండుంటాడు. నేను సెలవు పెట్టి, మీ మామ్మకి ఆఫీసు పనని అబద్ధం చెప్పి, బోకా గ్రాండేలో ఉన్నాను.

ఏమే, వినపడుతోందా? తనకి వినపడింది. ఆ గరిటె చప్పుడు అందుకే.

సాయంత్రం ఆరు దాటింది. మొగలో ముప్పై పడవల దాకా ఉన్నాయి, తిరునాళ్లలో బళ్లలాగ. ఒక పడవకి చేప తగిలితే మిగతావాళ్లు దారాలు చుట్టుకుని తప్పుకోవాలి, అది అక్కడి మర్యాద. కొందరు తప్పుకోరు. అన్ని ఊళ్లలోనూ ఉంటారు అలాంటివాళ్లు. ఎర వదిలి కూర్చున్నాక కెప్టెన్ ఆ రోజు ఎందుకో మాటల్లోకి దిగాడు. పూర్వం దీన్ని కర్రా దారంతో పట్టడం మనిషి వల్ల కాదనుకునేవారట. బరిసెతో పొడిచేవారు. 1885 మార్చిలో న్యూయార్క్ నుంచి వచ్చిన విలియం వుడ్ అనే ఆయన, మేమున్న చోటికి కొంచెం దక్షిణాన, సానిబెల్ దీవి దగ్గర రీలు కర్రతో 93 పౌన్ల చేపని ఒడ్డుకి చేర్చాడు. ఆ కబురు వేట పత్రికల్లో పడింది. అంతే, ఇంగ్లండు దొరలు సైతం ఓడలెక్కి వచ్చేశారు. అప్పటిదాకా దోమలు తప్ప ఎవరూ ఉండని ఒడ్డున హోటళ్లు లేచాయి. డబ్బున్నవాడు చలికాలం ఫ్లోరిడా వెళ్లి, ఒక టార్పన్ పట్టి, దాన్ని ఎండుతోలులా చేయించి గోడకి తగిలించుకోకపోతే మగాడే కాదన్నట్టు తయారైంది. ఒక్క చేప ఒక తీరం మొత్తానికి పేరు తెచ్చిపెట్టింది.

అతను ఇంకా చెప్తుండగానే తగిలింది.

మూడుసార్లు ఎగిరింది. మూడుసార్లూ వంగాను. మొదటిసారి భయంతో, రెండోసారి పాఠం గుర్తుండి. మూడోసారి మాత్రం నిజంగా దణ్ణం పెట్టాలనిపించింది. పొద్దు వాలుతోంది. ఆ ఎర్రటి ఎండలో నిలువెత్తు వెండి బిందెలు పేర్చినట్టు ఒళ్లు, దాని మీదనుంచి కారుతున్న నీళ్లు. మా పడవ కంటే ఎత్తుకి లేచి, నా వైపు చూసినట్టే చూసి పడింది. దాని కన్ను ఎంత పెద్దదో తెలుసా? ఊర్లో మనం ఆడుకునే పెద్ద గోళీకాయకి రెట్టింపు.

తర్వాత కిందకి పోయింది. కెప్టెన్ ఇంజను వేసి గుంపులోంచి పడవని బయటికి లాగాడు. ఇక అక్కడి నుంచీ ఎగరడాలూ అందాలూ ఏమీ లేవు, ఉత్త కూలిపనే. అది పది గజాలు లాక్కుంటుంది, నేను అయిదు గజాలు చుట్టుకుంటాను. కర్ర అడుగు పొట్టకి గుచ్చుకుని నల్లగా కమిలింది. చేతులు బిగుసుకుపోయాయి. మధ్యలో అది పైకొచ్చి ఒక గుటకేసింది. కెప్టెన్ తల పట్టుకున్నాడు. "గాలి తాగనిచ్చావు! ఇంకో అరగంట!" అన్నాడు. గుటకేసిందంటే కొత్త బలం వచ్చేసినట్టే. అందుకని కర్ర నీళ్లలోకి వంచి, పక్కకి లాగుతూ, దాని తల పైకి రాకుండా చూడాలి. నీళ్లలో ఉన్న చేపకి ఊపిరాడకుండా చేస్తున్నామన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

గంటా ఇరవై నిమిషాలకి పడవ పక్కకి వచ్చి ఒరిగింది. టేపు పెట్టి కొలిచాడు. పొడవు 74 అంగుళాలు, చుట్టుకొలత 38. వాళ్లకో లెక్కుంది. చుట్టుకొలతని చుట్టుకొలతతోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేసి, 800తో భాగించాలి. నోటితో చేసేశాను, 133. చెయ్యండి కావాలంటే, ఫోన్లున్నాయిగా.

అప్పుడు కెప్టెన్ అడిగాడు, "వదిలేద్దామా, రేవుకి తీసుకెళ్దామా?"

ఆలోచించే పనే పెట్టుకోలేదు. తీసుకెళ్దామన్నాను. ఫోటో కావాలి. నర్సాపురంలో మా నాన్నకి పంపాలి. కొడుకు అమెరికా వెళ్లి ఏం సాధించాడంటే, అదిగో, చూపించడానికి. అతను ఇంకేం అనలేదు. ఇనప కొక్కెం తీశాడు.

రేవులో దుంగకి వేలాడదీశారు. పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాను. నా తల దాని తోక దగ్గరికి వచ్చింది, లేదా నాకలా అనిపించింది. ఆ రోజు అక్కడ ఇంకో అయిదారు వేలాడుతున్నాయి. ఫోటోలయ్యాక నేను కత్తి అడిగితే అందరూ వింతగా చూశారు. "తింటావా? దీన్నెవరూ తినరు" అన్నారు. తినకపోతే మరెందుకు చంపారండీ అని అడగాల్సింది. అడిగే మొహం నాకు లేదు, నాదీ అక్కడే వేలాడుతోంది. గోదారి జిల్లా వాణ్ణి, చేపని తినకుండా పారెయ్యడమేంటని నాలుగు పెద్ద ముక్కలు కోయించి ఐసు డబ్బాలో పెట్టుకున్నాను. ఈ పొలుసు అప్పుడు తీసిందే. మిగతా చేపని పడవకి కట్టి, మొగలోకి ఈడ్చి తాడు కోసేశారు. వేలాడిన మిగతావాటినీ అంతే. మసక వెలుతుర్లో అవి తెల్లటి పొట్టలు పైకి పెట్టి పాటులో పోతుంటే సొరచేపల వీపురెక్కలు వెనకాలే వెళ్లాయి.

ఆఫీసు పనికెళ్లిన మొగుడు అర్ధరాత్రి అరవై మైళ్లు కారు నడుపుకుని చేపముక్కలతో దిగితే మీ మామ్మ ఏమందో చెప్పను. తనే చెప్తుంది. కానీ వండింది. ఇక్కడినుంచి బట్టల మూటలో చుట్టి తీసుకెళ్లిన కత్తిపీట ఇదే, ఇప్పుడు లోపల ఉన్నదే. చింతపండు పోసి, కారం దట్టించి, మెంతిపిండి వేసి మూడు పొంగులు రానిచ్చింది. పులసలో ముళ్లుంటాయి, నిజమే, అవి పట్టుచీర అంచు దారాల్లాంటివి, నాలుకే ఏరుకుంటుంది. దీని ముళ్లు దబ్బనాలు. కండ బిరుసు, జిడ్డు, పైగా ఇల్లంతా ఒక మడ్డివాసన. కరీబియన్ దీవుల్లో, మెక్సికోలో దీన్ని తినేవాళ్లున్నారని తర్వాత తెలిసింది. వాళ్ల వంట ఎలాగో మరి. మాకు రెండు ముద్దలు దిగలేదు. "పుస్తెలమ్మి పులస తినాలి గానీ, ఇది ఎదురు పుస్తెలిచ్చినా తినను" అంది మీ మామ్మ. ఆ మాట మా తెలుగువాళ్లలో టాంపా దాకా పాకింది.

ఫోటో కడిగించి పంపించాను. నెలన్నరకి మా నాన్న దగ్గర్నుంచి జవాబొచ్చింది. ఆ కట్టలో అడుగున ఉన్న నీలం ఉత్తరం అదే. ఏరువాక వాన బాగా పడిందని, ఎర్ర ఎద్దుకి కాలు బెణికిందని, చెల్లికి సంబంధాలు చూస్తున్నామని రాశాడు. కింద ఒకే వాక్యం, ఫోటో చేరింది, చాలా పెద్ద చేప, ఎన్నిళ్లకి పంచావని.

అంతే. పొగడలేదు, తిట్టలేదు. మా నాన్న లెక్కలో పెద్ద చేపంటే ఎక్కువ ఇళ్లు. చెరువు ఎండగట్టి పట్టినప్పుడు మన వీధిలో ఏ ఇంటికి ఎంత పంపాలో ఆయన అరుగు మీద కూర్చుని చెప్తుంటే, నేను తామరాకుల్లో పెట్టి మోసినవాణ్ణి. ఆయనకి ఏం రాయాలి? రాజుని చంపి సొరలకేశానని రాయాలా?

పన్నెండిళ్లకి పంచామని రాశాను. మా నాన్నతో నేనాడిన అబద్ధం అదొక్కటే. కాదులే, ఇంకా ఉన్నాయి, కానీ గుచ్చుకునేది అదొక్కటే.

ఆ తర్వాత గాలం మానేశానా అంటే మానలేదు. ముప్పై ఏళ్లకి పైగా వెళ్లాను. ఫాస్ఫేట్ రేవు మరుసటి ఏడాదే, 1979లో మూతపడింది. రైళ్లు ఆగిపోయాయి. నేను మాత్రం ప్రతి ఏరువాక పున్నమికీ, కుదిరితే, ఆ మొగ దగ్గరికి వెళ్లేవాణ్ణి. చంపలేదు. కెప్టెన్ అడగడం కూడా మానేశాడు, పడవ పక్కకి రాగానే గాలం తప్పించేసేవాడు. 1989లో ప్రభుత్వం చట్టం తెచ్చింది, టార్పన్‌ని చంపాలంటే 50 డాలర్లిచ్చి ముందే చీటీ కొనుక్కోవాలని. ఉచితంగా చంపినవాళ్లు చీటీ అనేసరికి చల్లబడ్డారు. 2013లో ఇంకా బిగించారు. రికార్డు కోసం తప్ప చంపకూడదు, అదీ మనిషికి ఏడాదికి ఒక్కటే. 40 అంగుళాలు దాటినదాన్ని నీళ్లలోంచి పైకెత్తను కూడా ఎత్తకూడదు. ఫోటో కావాలంటే నువ్వే నీళ్లలోకి వంగు. అది నాకు బాగా నచ్చింది.

అయితే ఒక మాట. వదిలేశాం కాబట్టి పుణ్యాత్ములమని నేను ఒప్పుకోను. ఒకసారి, 1986లో, చేపని వదిలాం. అది అలసిపోయి మెల్లగా తేలుతోంది. సుత్తి ఆకారం తలతో ఒక సొర వచ్చింది, మా పడవలో సగం ఉంటుంది. ఒక్క ఊపు. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ సొరలు ఎంతెంత ఉంటాయనుకున్నారు? 2006లో ఆ మొగలోనే పట్టిన ఒకటి 1,280 పౌన్లు తూగింది, ప్రపంచ రికార్డు. సన్నదారం కట్టి, మగతనం చూపించుకోవడానికి రెండు గంటలు ఆడించి, ప్రాణం తోకలోకి వచ్చాక వదిలి, చూశారా మేం చంపలేదు అంటారు చూడండి, వాళ్లు చంపినట్టే. లావు దారం కట్టు, అరగంటలో దగ్గరికి తెచ్చుకో, పంపించెయ్. అదే నా పద్ధతి. ఈకల ఎరతో, దారప్పోగుతో 200 పౌన్లు దాటిన చేపని పట్టాలని దేశదేశాల మొనగాళ్లు ఏళ్ల తరబడి హోమోసాసా అనే ఊళ్లో కాపు కాశారు. 2001లో ఒకాయన పట్టాడు, 202 పౌన్ల పైచిలుకు. గొప్పే. కానీ ఆ గొప్ప ఆయనది, చేపకేం ఒరిగింది?

చేప ఆయుష్షు కూడా తక్కువ కాదు. యాభై ఏళ్లకి పైగా బతుకుతాయి. నేను చంపింది ఆడదే అయ్యుంటుంది, అంత పెద్దవి ఆడవే ఉంటాయి. కడుపులో ఆ జూన్ నెల జన, కోటి గుడ్ల దాకా ఉంటాయట ఒక్కో పెద్ద చేపకి. వయసు కూడా నా ఈడుదో, కాస్త అటూ ఇటో. నాకప్పుడు 32.

ఒకసారి హ్యూస్టన్‌లో పెళ్లికి వెళ్లినప్పుడు టెక్సస్‌లో పోర్ట్ అరాన్సస్ అనే ఊరు చూశాం. ఒకప్పుడు ఆ ఊరి పేరే టార్పన్. అక్కడ టార్పన్ ఇన్ అని పాత చెక్క హోటలుంది. గోడ నిండా ఇలాంటి పొలుసులే, ఏడు వేలు. ఒక్కో దాని మీద పట్టినవాడి పేరు, తారీఖు. ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన పొలుసు కూడా ఉంది, 1937ది. అందరూ దాని దగ్గరే గుమిగూడారు. మీ మామ్మ మాత్రం గోడంతా కలియజూసి, "ఇన్ని కార్యాలయ్యాయి, ఒక్కళ్లూ భోజనం చెయ్యలేదన్నమాట" అంది.

తనే ఇంకోసారి, ఫ్లోరిడా దక్షిణం కొసన ఇస్లామొరాడాలో, రేవు చెక్కల మీద బోర్లా పడుకుని టార్పన్లకి చేత్తో చిన్న చేపలు తినిపించింది. అక్కడ డబ్బులిచ్చి తినిపించొచ్చు. పెద్దది ఒకటి లేచి మోచేతి దాకా చెయ్యి నోట్లో పెట్టుకుంది. పళ్లు ఆకురాయిలా ఉంటాయి, కొరకవు. గాజులు రెండు పగిలాయి. ఆ గాజుముక్కలు ఇప్పటికీ దాచుకుంది, నేను పొలుసు దాచుకున్నట్టే. నేనెప్పుడైనా గొప్పలు పోతే తెచ్చి చూపిస్తుంది. నీ చేపకి ప్రాణం పోయింది, నా చేపకి కడుపు నిండింది అంటుంది.

నేను చివరిసారి వెళ్లింది 2014లో. అప్పటికి ఆ కెప్టెన్ పోయాడు, పడవ అతని మనవడు నడుపుతున్నాడు. మీ నాన్న కర్ర పట్టుకున్నాడు, నేను వెనకాల కుర్చీలో కూర్చున్నాను. చేప లేవగానే మీ నాన్న కర్ర పైకి గుంజాడు. టప్పుమంది. వీడికి గోదారి నేనెప్పుడూ నేర్పలేదు, అయినా రక్తంలో ఉంది! పడవ కుర్రాడు నవ్వి, "రాజు లేచినప్పుడు వంగాలండీ" అన్నాడు, తాత అన్న మాటే. చేప లేచిన చోట నేను మాత్రం కుర్చీలోంచే వంగి ఉన్నాను. ఎవరూ చూడలేదు.

ఇక ఆ పొలుసు ఇలా ఇవ్వరా. మంటకి దగ్గరగా పెట్టకు, ముడుచుకుపోతుంది. ఆ నీలం ఉత్తరం కూడా జాగ్రత్తగా మడిచి కిందే పెట్టు. మామ్మ పిలుస్తోంది, పులుసు దిగినట్టుంది. తినే ముందు రెండు గిన్నెల్లో సర్ది పక్కింటికీ, కాలవ గట్టు మీద ముసలమ్మకీ ఇచ్చి రండి.